పుట్టిన బిడ్డకి పోయినవాళ్ల జ్ఞాపకాలు: ఇది సైన్స్ ఫిక్షనా, ఫాంటసీనా?

అర్ధరాత్రి దీపం:

అందరికీ నమస్కారం. పోస్ట్ కాస్త పొడుగ్గా ఉంది, ఓపిక చేసుకుని చదవండి.

నేను పదకొండేళ్లుగా ప్రసూతి వార్డులో నర్సుని. ఎక్కువగా నైట్ డ్యూటీలే. బిడ్డని తుడిచి, గుడ్డలో చుట్టి బయటికి తీసుకెళ్లగానే ఇంటివాళ్లు అనే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "అచ్చం తాత ముక్కే." "పోయిన అత్తయ్యే మళ్లీ వచ్చింది." సంతోషంతో అనేదే, ప్రేమతో అనేదే. కానీ ఆ బిడ్డ పుట్టి పది నిమిషాలు కూడా కాలేదు, అప్పుడే ఇంకొకరి బతుకు దాని నెత్తిన పెట్టేశారే అనిపిస్తుంది నాకు. ఈ ఆలోచన ఏళ్ల తరబడి లోపల తిరిగి తిరిగి, రెండేళ్ల క్రితం కథగా మొదలైంది.

కథ ఇదీ. ఒక నౌక ప్రాక్సిమా సెంటారీ నక్షత్రం వైపు వెళ్తోంది. దూరం 4.24 కాంతి సంవత్సరాలు. కాంతి వేగంలో 2 శాతంతో వెళ్తుంది కాబట్టి 212 ఏళ్లు పడుతుంది. ఎక్కినవాళ్లెవరూ దిగరు. దిగబోయేవాళ్లు ఇంకా పుట్టలేదు. నౌకలో 640 మంది. ముఖ్య పాత్ర సంధ్య అనే మంత్రసాని. ప్రయాణం మొదలైన 131వ ఏట, ఆమె పురుడు పోసిన పిల్లలు మాటలు వచ్చే వయసుకి రాగానే, ఎప్పుడో చనిపోయినవాళ్లకి మాత్రమే తెలిసిన సంగతులు చెప్పడం మొదలుపెడతారు. తొమ్మిదో అధ్యాయంలో ఒక మూడేళ్ల పిల్ల, తను పుట్టకముందే పోయిన ఒక ముసలాయన గోడ పలక వెనక దాచుకున్న ఉత్తరాన్ని నేరుగా వెళ్లి తీస్తుంది.

మొత్తం 14 అధ్యాయాలు రాశాను. నలుగురు స్నేహితులు చదివారు. ఎనిమిదో అధ్యాయం దాకా అందరికీ నచ్చింది. ఉత్తరం దగ్గర ఇద్దరు ఆగిపోయారు. ఒకరేమో "అంతవరకూ లెక్కలన్నీ చెప్పి ఇక్కడ దాటేశావు, ఎలా జరిగిందో చెప్పవా?" అన్నారు. రెండో ఆవిడకి లెక్కలే అడ్డుపడ్డాయి. "ఆత్మల కథకి ఇంత ఇంజనీరింగ్ ఎందుకు" అంది. ఒక వెబ్ పత్రికకి మొదటి మూడు అధ్యాయాలూ కథాసారమూ పంపితే "ముందు ఏ జానరో (ఏ కోవ కథో) తేల్చుకుని పంపండి" అని ఒక్క లైనులో తిప్పి పంపారు.

తేల్చుకుందామనే కూర్చున్నాను. సబ్‌జానర్ల, అంటే ఆ కోవల్లోని శాఖల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోతే నలభై దాటాయి. హార్డ్ సైన్స్ ఫిక్షన్, స్పేస్ ఒపేరా, సైబర్‌పంక్, బయోపంక్, స్టీమ్‌పంక్, డిస్టోపియా, హై ఫాంటసీ, అర్బన్ ఫాంటసీ, గ్రిమ్‌డార్క్, మ్యాజిక్ రియలిజం, వియర్డ్... ఏ పేరు దగ్గర నిలబెట్టినా నా కథ సగం సరిపోతుంది, సగం బయటికి ఉంటుంది. టెన్షన్ తగ్గకపోగా పెరిగింది.

రాసేవాళ్లకి తమది ఏ సబ్‌జానరో ముందే తెలిసి ఉండాలా? ఇక నా తొమ్మిదో అధ్యాయంలో తప్పు ఎక్కడుందో కూడా చెప్పండి. మెచ్చుకోళ్లు వద్దు, నిజంగానే బాగుచేసుకోవాలని ఉంది.


కక్ష్యలో ఒకడు:

దీపం గారూ, నేను చదివేది ఎక్కువగా హార్డ్ సైన్స్ ఫిక్షనే, అంటే సైన్స్ లెక్కలు తప్పకూడదనే రకం. కాబట్టి మీ ఇద్దరు స్నేహితుల్లో నేను మొదటాయన పక్షం. కానీ ఆయన చెప్పిన కారణం సరైనది కాదనుకుంటున్నాను.

ముందు లెక్కలు చూశాను. 4.24ని 0.02తో భాగిస్తే 212, సరిపోయింది. వేగం పెరిగేకొద్దీ గడియారం నెమ్మదిస్తుందన్న ఐన్‌స్టీన్ ఆ వేగం దగ్గర మీకు పెద్దగా అడ్డు రాడు. మొత్తం ప్రయాణానికి నౌక గడియారం భూమి గడియారం కంటే వెనకబడేది 15 రోజుల చిల్లర, అంతే. దుమ్ము మాత్రం అడ్డొస్తుంది. సెకనుకి 6,000 కిలోమీటర్ల వేగంలో ఒక్క గ్రాము రేణువు తగిలినా నాలుగు టన్నుల టీఎన్‌టీ పేలినంత దెబ్బ. ముందు భాగానికి కవచం రాశారా? గురుత్వం కోసం నౌక తన చుట్టూ తాను తిరుగుతుందనుకుంటే, నిమిషానికి రెండు చుట్లతో భూమ్మీద ఉన్నంత బరువు కావాలంటే వ్యాసార్ధం సుమారు 224 మీటర్లు ఉండాలి. ఇందులో మీకు పనికొచ్చేది ఒకటుంది. అలాంటి చోట చేతిలోంచి జారిన కత్తెర నిలువుగా పడదు. మీటరు ఎత్తునుంచి జారితే, నౌక తిరిగే దిశకి వెనకవైపుగా దాదాపు 6 సెంటీమీటర్లు పక్కకి పడుతుంది. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్న మంత్రసాని చెయ్యి చూడకుండానే ఆ 6 సెంటీమీటర్లు సరిచేసుకుంటుంది. సంధ్య ఆ నౌక మనిషి అని చెప్పడానికి ఒక పేజీ వర్ణన కన్నా ఈ కత్తెర ఎక్కువ చెబుతుంది.

అసలు సంగతికొస్తాను. 212 అనే అంకె చూడగానే నాలాంటి పాఠకుడు పెన్సిల్ తీస్తాడు. అంటే మీరు మాటిచ్చారన్నమాట: ఈ లోకంలో అన్నీ లెక్కకి అందుతాయి అని. తొమ్మిదో అధ్యాయంలో పిల్ల ఉత్తరం తీసింది. కారణం చెప్పలేదు, సరే. దానికి నాకు కోపం రాదు. నాకు కోపం తెప్పించేది ఏమిటంటే, ఆ 640 మందిలో ఒక్కరు కూడా కారణం వెతకలేదు (మీరు చెప్పినదాన్ని బట్టి అంటున్నాను, వెతికితే క్షమించండి). గాలి లీకైతే చచ్చిపోయే చోట ఆరేడు తరాలుగా బతుకుతున్న మనుషులు వాళ్లు. చిన్న శబ్దం వచ్చినా తనిఖీ చేసే అలవాటు వాళ్ల రక్తంలో ఉంటుంది. మూడేళ్ల పిల్ల గోడలోంచి ఉత్తరం తీస్తే మొదట అడిగేది "ఈ పిల్లకి ఎవరు చెప్పారు?" అని కదా? డాక్టరు ఉంటాడు, ల్యాబ్ ఉంటుంది. రక్తం తీస్తారు. తల్లిదండ్రులని విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు.

డీఎన్‌ఏ ద్వారా వచ్చిందనడం కుదరదు. ఉత్తరం ఎక్కడ దాచాననే జ్ఞాపకం మెదడులో నాడీకణాల మధ్య అతుకుల్లో ఉంటుంది. అక్కడి నుంచి అండంలోకో వీర్యకణంలోకో వెళ్లే దారి మనకి తెలిసినంతలో లేదు. పైగా ఆ ముసలాయన ఆ పిల్లకి రక్త సంబంధీకుడు కాకపోతే ఆ మాటే రాదు. ఇవన్నీ మీ డాక్టరు ఒక్కొక్కటిగా కొట్టేయాలి. కొట్టేసి, చివరికి చేతులు ఖాళీగా నిలబడాలి. కారణం దొరక్కపోయినా నేను చదువుతాను. వెతుకులాట లేకపోతేనే పుస్తకం మూసేస్తాను.

ఒక సందేహం. గాలి, నీళ్లు, తిండి అన్నీ లెక్కే కాబట్టి 640 దాటకూడదు కదా. పుట్టుకల్ని ఎలా అదుపు చేస్తున్నారు?


అర్ధరాత్రి దీపం:

కత్తెర గురించి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. వార్డులో మా చేతులు కూడా అలాగే ఉంటాయి, చూడకుండానే క్లాంప్ ఎక్కడుందో తెలుస్తుంది. నాకు ఇది తట్టనే లేదు.

మీరన్నది నిజమే, ఎవరూ వెతకరు. సంధ్య ఆశ్చర్యపోతుంది, తల్లి ఏడుస్తుంది, అధ్యాయం అయిపోతుంది.

పుట్టుకల సంగతి ఐదో అధ్యాయంలో ఒక పేరాలో చెప్పాను. ఒకరు పోతేనే ఇంకొకరికి గర్భానికి అనుమతి. పోయినవారి నంబరునే పుట్టిన బిడ్డకి ఇస్తారు, రిజిస్టర్‌లో కొత్త నంబర్లు ఉండవు. ఆ ముసలాయన 417. ఆ పిల్ల కూడా 417.


చిలకలో ప్రాణం:

దీపం గారూ, ఆ పేరా ఐదో అధ్యాయంలో ఎందుకు ఉందండీ? అదే కదా మీ కథ!

నా సంగతి చెప్తాను. నేను పెరిగిందంతా జానపద కథల మీద. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలక. మాంత్రికుడి ప్రాణం ఆ చిలకలో. చిన్నప్పుడు ఒక్కసారి కూడా "ప్రాణం చిలకలోకి ఎలా వెళ్లింది?" అని అడగలేదు నేను. ఎందుకు అడగలేదో పెద్దయ్యాక అర్థమైంది. కథ నాకు కారణం ఇవ్వలేదు కానీ నియమం ఇచ్చింది. చిలక కాలు విరిస్తే వాడి కాలు విరుగుతుంది, మెడ నులిమితే వాడు చస్తాడు. నియమం ముందే తెలుసు కాబట్టి రాజకుమారుడు చిలక దగ్గరికి చేరేసరికి నా గుండె కొట్టుకుంది. అదే నియమం చివరి పేజీలో చెప్పి ఉంటే మోసం అనిపించేది.

ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో రాసిన ఒక వ్యాసంలో ఇదే చెప్పాడు. కథలో చిక్కుని మంత్రంతో విప్పాలంటే, ఆ మంత్రం పాఠకుడికి ఎంత బాగా అర్థమైతే అంత బాగా విప్పగలం అని. ఇప్పుడు దాన్ని పట్టుకునే హార్డ్ మ్యాజిక్, సాఫ్ట్ మ్యాజిక్ అని మాట్లాడుకుంటున్నారు. నియమాలు గట్టిగా తెలిసేది హార్డ్, మబ్బులో ఉండేది సాఫ్ట్. నా దృష్టిలో మన చిలక హార్డ్ మ్యాజిక్కే.

ఇప్పుడు మీ నౌక చూడండి. "ఒకరు పోతేనే ఒకరు పుడతారు, పోయినవారి నంబరే పుట్టినవారికి." కక్ష్య గారికి ఇది ఆక్సిజన్ లెక్క. నాకు ఇది పునర్జన్మ. ఒకే వాక్యం! మీ ఇద్దరు స్నేహితులూ గొడవపడుతున్న రెండు కథలూ ఆ వాక్యం దగ్గర ఒకటే అవుతున్నాయి. దాన్ని ఐదో అధ్యాయంలో లెక్కల మధ్య పాతిపెట్టారు. మొదటి పేజీకి తెండి. అప్పుడు 417 ఉత్తరం తీసినప్పుడు "ఎలా?" అనే ప్రశ్న కన్నా "అయ్యో, నంబరుతో పాటు మనిషినే ఇచ్చేశారా" అనే భయం ముందు వస్తుంది.

సబ్‌జానర్ల గురించి అడిగారు. పేర్ల జాబితా పక్కన పెట్టి ఇంకోరకంగా చూడండి. ఫారా మెండెల్సన్ అనే విమర్శకురాలు 2008లో ఫాంటసీ మీద ఒక పుస్తకం రాసింది. ఆమె డ్రాగన్లూ మంత్రాలూ లెక్కపెట్టలేదు. వింత అనేది కథలోకి ఏ దారిన వస్తోంది అని చూసింది. పాత్ర ఒక తలుపు దాటి వింత లోకంలోకి వెళ్లడం ఒక దారి. వింత లోకంలోనే పుట్టి పెరిగిన పాత్ర కళ్లతో మనం చూడటం ఇంకోటి. మామూలు లోకంలోకి వింత చొరబడటం మూడోది. నాలుగోది నాకు చాలా ఇష్టం: వింత గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది, పాత్రలకి అది వింతగా అనిపించదు, ఒళ్లు జలదరించేది మనకి.

మీరు తొమ్మిదో అధ్యాయం దాకా రెండో దారిలో నడిచారు. నౌక మనకి కొత్త, సంధ్యకి ఇల్లు. ఉత్తరం దగ్గర హఠాత్తుగా మూడో దారికి మారారు, చొరబాటు. మారడం తప్పు కాదు, కానీ గోడలో చిన్న పగులు ముందు నుంచీ కనిపించాలి. రెండో అధ్యాయంలోనే ఏ పసివాడో పోయినవాళ్లకి ఇష్టమైన పాట రాగం తీయాలి, సంధ్య "అచ్చం 88 లాగే" అని నవ్వి ఊరుకోవాలి. మీ వార్డులో ఇంటివాళ్లు అన్నట్టే.

ఇంకో మాట. ఇదే బిడ్డని వేరే వేరే చోట్ల పెట్టి చూసుకోండి, మీకేం కావాలో తెలిసిపోతుంది. జ్ఞాపకాలు నౌక కంప్యూటర్‌లో దాచి, అమ్మి, పసిపిల్లల తలల్లోకి ఎక్కిస్తున్నారంటే అది సైబర్‌పంక్. అప్పుడు మీ కథ "జ్ఞాపకం ఎవరి ఆస్తి" అని అడుగుతుంది. ఎవరో జన్యువుల్ని కోసి అతికించారంటే బయోపంక్, అందులో శరీరం ఎవరిదన్న ప్రశ్న. నౌకని నడిపే పెద్దలే కావాలని మళ్లీ మళ్లీ పుడుతూ అధికారం వదలకుండా ఉన్నారంటే డిస్టోపియా. 417 ముసలాయన మంచివాడు కాదు, ఇప్పుడు మూడేళ్ల పిల్ల కళ్లలోంచి చూస్తున్నాడంటే హారర్ (ఇది రాస్తుంటేనే నాకు భయమేసింది). ఎవరూ ఆశ్చర్యపోకుండా ఆ పిల్లని "తాతా" అని పిలిచి ఉత్తరం చదివించుకుంటే మ్యాజిక్ రియలిజం. బిడ్డ అదే, ఉత్తరం అదే. మారేది ప్రశ్న. మీరు అడగాలనుకున్న ప్రశ్న పైన మీ పోస్ట్ మొదట్లోనే ఉంది: పుట్టిన పది నిమిషాలకే ఇంకొకరి బతుకు ఎందుకు మొయ్యాలి? ఆ ప్రశ్నకి ఏ లోకం సరిపోతే అదే మీ సబ్‌జానర్.


పాత సంచికలు:

చిలక గారితో చాలావరకు ఒప్పుకుంటాను, ఒక చోట కాదు. ముందు ఒప్పుకునేది.

దీపం గారు జాబితా చూసి బెదిరిపోయారు. ఆ పేర్లు ఎలా పుట్టాయో తెలిస్తే బెదురు తగ్గుతుంది. చాలా పేర్లు కథల తర్వాత వచ్చినవే, కొన్ని తిట్లుగా వచ్చినవి. "స్పేస్ ఒపేరా" అనే మాటని 1941లో విల్సన్ టకర్ అనే అభిమాని ఎగతాళిగా వాడాడు, అరిగిపోయిన రాకెట్ కథల్ని వెక్కిరించడానికి. తర్వాత ఆ మాటే గౌరవంగా నిలబడింది. "స్టీమ్‌పంక్" 1987లో కె. డబ్ల్యూ. జీటర్ అనే రచయిత ఒక పత్రికకి రాసిన ఉత్తరంలో సరదాగా అన్న మాట. తనూ తన ఇద్దరు మిత్రులూ రాస్తున్న ఆవిరి యంత్రాల కాలపు కథలకి ఒక పేరుండాలి కదా అని. "సైబర్‌పంక్" బ్రూస్ బెత్కీ రాసిన ఒక కథానిక పేరు, 1983లో అచ్చయింది. కత్తులూ మంత్రాల సాహస కథల్ని "స్వోర్డ్ అండ్ సోర్సరీ" అన్నది ఫ్రిట్జ్ లైబర్ అనే రచయిత, 1961లో. మ్యాజిక్ రియలిజం అయితే మొదట సాహిత్యానికి పెట్టిన పేరే కాదు, 1925లో ఫ్రాంజ్ రో అనే జర్మన్ కళా విమర్శకుడు చిత్రకళ గురించి రాస్తూ వాడాడు. ఆశ కనిపించని క్రూర లోకాల కథలకి వాడే గ్రిమ్‌డార్క్ అనే పేరు, బల్ల మీద బొమ్మలతో ఆడే ఒక ఆట నినాదంలోంచి వచ్చింది.

ఆ రకం కథలు రాసినవాళ్లలో ఎక్కువమంది ముందు పేరు తేల్చుకుని తర్వాత రాయడానికి కూర్చోలేదు. కాబట్టి ముందే తెలియాలా అని మీరు అడిగినదానికి నా జవాబు: మొదటి చిత్తుప్రతికి అక్కర్లేదు.

ఒప్పుకోనిది ఇదీ. "ఏ లోకం సరిపోతే అదే మీ సబ్‌జానర్" అని వదిలేస్తే రాసేవారికి బాగానే ఉంటుంది, చదివేవాళ్లకి ఉండదు. నేను పాత పత్రికలు పోగుచేస్తాను. హ్యూగో గెర్న్స్‌బాక్ 1926లో పూర్తిగా సైన్స్ ఫిక్షన్ కథలకే ఒక పత్రిక పెట్టాడు. అంతకుముందు కూడా ఇలాంటి కథలు వేర్వేరు పత్రికల్లో చెదురుమదురుగా వస్తూనే ఉన్నాయి. కావలసినవాళ్లకి ఒకే చోట దొరికేవి కావు. పత్రిక వచ్చాక పాఠకులు దానికి ఉత్తరాలు రాశారు, ఆ ఉత్తరాల్లోని చిరునామాలు చూసి ఒకరికొకరు రాసుకున్నారు, క్లబ్బులు పెట్టుకున్నారు. ఒక పేరు కింద చేరడం వల్ల పాఠకులు ఒకరినొకరు కనుక్కున్నారు. మీ కథ కోసం ఎక్కడో ఒకరు ఎదురుచూస్తున్నారు దీపం గారూ, వాళ్లు వెతికే మాట మీరు పైన రాయకపోతే వాళ్లకి దొరకదు. ఆ వెబ్ పత్రికవాళ్లు ఒక్క లైనులో తిప్పి పంపడం నాకు నచ్చలేదు, కానీ వాళ్లు అడిగింది అన్యాయమైన ప్రశ్న కాదు.

మీ కథకి పేరుంది. ఇలాంటి వాటిని జనరేషన్ షిప్ కథలంటారు, తెలుగులో తరాల నౌక అందాం. 1929లో జె. డి. బెర్నల్ అనే శాస్త్రవేత్త అంతరిక్షంలో తరతరాలు బతికే గోళాల గురించి రాశాడు. 1940, 41ల్లో పత్రికల్లో ఇలాంటి కథలు వచ్చాయి. 1941లో రాబర్ట్ హైన్‌లైన్ రాసిన కథలో నౌకలోవాళ్లు తాము నౌకలో ఉన్నామన్న సంగతే మరచిపోతారు, నౌకే విశ్వం అనుకుంటారు. అప్పటినుంచి ఈ శాఖలో ఎక్కువ కథలు మరపు చుట్టూ తిరిగాయి: ఎందుకు బయలుదేరామో మరచిపోవడం, యంత్రాలు ఎలా నడపాలో మరచిపోవడం. మీరు దాన్ని తిరగేశారు. మీ నౌక మరచిపోలేకపోతోంది. ఇది గమనించాక నాకు మీ కథ మీద ఆశ పెరిగింది. ఈ శాఖలో పాతవి నాలుగైదు చదవండి. భయపడకండి, మీది వేరుగా ఉందని మీకే తెలుస్తుంది.

తొమ్మిదో అధ్యాయానికి ఒక సాయం. ట్జ్‌వెటాన్ టొడొరోవ్ అనే సాహిత్య విమర్శకుడు 1970లో రాసిన పుస్తకంలో, జరిగినదానికి మామూలు కారణం ఉందా, లేక లోకం నియమాలే తప్పాయా అని తేల్చుకోలేక ఊగిసలాడే ఆ కాసేపే అసలైన అద్భుతం అంటాడు. మామూలు కారణం దొరికితే ఆ అద్భుతం ఒక వైపు జారిపోతుంది, దొరకదని ఒప్పుకుంటే ఇంకో వైపు. కక్ష్య గారు అడిగిన వెతుకులాట సరిగ్గా ఈ ఊగిసలాటని పొడిగిస్తుంది. డాక్టరు ఒక్కో కారణాన్ని కొట్టేస్తుంటే పాఠకుడు మరింత ఊగుతాడు. కాబట్టి విచారణ పెడితే కథలో మాయ పోతుందని అనుకోకండి, పెరుగుతుంది.

పత్రికకి పంపేటప్పుడు "తరాల నౌక, సైన్స్ ఫాంటసీ" అని రాయండి. రెండూ ఇష్టపడేవాళ్లు ఉన్నారు.


అర్ధరాత్రి దీపం:

మూడు రాత్రులు ఆగి రాస్తున్నాను. మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని పాత ప్రతి మళ్లీ మొదటినుంచి చదివాను.

రిజిస్టర్ మొదటి పేజీకి వచ్చింది. అది రాగానే మొదటి మూడు అధ్యాయాల్లో సగం లెక్కలు అక్కర్లేకుండా పోయాయి. 224 మీటర్లు ఎక్కడా రాయలేదు, కత్తెర మాత్రం ఉంది. డాక్టరు పాత్ర కొత్తగా వచ్చింది. ఆయన వెతుకుతాడు, మూడు అధ్యాయాలు వెతుకుతాడు. నాకు ఆయన మీద గౌరవం పెరుగుతోంది, ఎందుకంటే ఆయన సొంత కొడుకు నంబరు 203, ఆ నంబరు అంతకుముందు ఆయన తల్లిది. ఆ ఒక్క పిల్లాడిని మాత్రం ఆయన పరీక్షించడు. ఇలా అవుతుందని నేననుకోలేదు, రాస్తుంటే వచ్చింది.

చిలక గారూ, మీరు చెప్పినట్టు బిడ్డని అన్ని చోట్లా పెట్టి చూశాను. హారర్ దగ్గర నాకు చెయ్యి ఆడలేదు. డిస్టోపియా దగ్గర కాస్త ఆడింది కానీ పెద్దలు దుర్మార్గులయ్యేసరికి నా ప్రశ్న పక్కకి పోయింది. మా వార్డు బయట నిలబడే నాయనమ్మలు దుర్మార్గులు కారు కదా. పోయినవాళ్లు తిరిగి రావాలని కోరుకునేవాళ్లు. అందుకే నౌకలో కూడా ఎవరూ చెడ్డవాళ్లు కాకూడదని తేల్చుకున్నాను.

ఒక కొత్త ఆలోచన వచ్చింది, చెబితే మీకు నచ్చుతుందో లేదో. ఒకరే పోయారు, ఒకే అనుమతి ఇచ్చారు, కానీ కవలలు పుడతారు. పురుటి గదిలో మొదటి బిడ్డని అందించి సంధ్య వెనక్కి తిరిగేసరికి రెండో ఏడుపు. ఆ రెండో బిడ్డకి నంబరు లేదు. అంటే ఎవరి జ్ఞాపకాలూ లేవు. ఇది కథ చివర్లో పెడదామనుకుంటున్నాను.


కక్ష్యలో ఒకడు:

ఒళ్లు జలదరించింది. అయినా ఒక్కటి చెప్పాలి. మీరు నర్సు, నాకంటే మీకే బాగా తెలుసు: నక్షత్రాల మధ్య తిరిగే నౌకలో స్కాన్ ఉండదా? కవలలని మూడో నెలకే తెలిసిపోతుంది. పురుటి గదిలో ఆశ్చర్యపడితే ఆ చోట నేను పెన్సిల్ మళ్లీ తీస్తాను.

కానీ ఆశ్చర్యాన్ని తీసేస్తే మీకు అంతకంటే మంచిదే దొరుకుతుంది. 640 మందికీ ఆరు నెలలు ముందే తెలుసు. ప్రసవం లోపు ఇంకొకరు పోతే లెక్క సరిపోతుంది. ఎవరూ ఆ మాట పైకి అనరు. ముసలివాళ్లు భోజనాల గదిలో ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. గాలిలో 641వ మనిషికి చోటుందా అంటే, ఏ ఇంజనీరైనా అంత దగ్గరగా డిజైన్ చేయడు, ఉంటుంది. చోటు లేనిది రిజిస్టర్‌లోనే. డాక్టరుకి ఆ సంగతి తెలుసా, లేదా? అది మీరు తేల్చాలి.


చిలకలో ప్రాణం:

ఆరు నెలల నిరీక్షణ అద్భుతంగా ఉంది. దీపం గారూ, ఆ ముసలివాళ్లలో ఒకావిడ తనంతట తాను పోతానని ముందుకొస్తుందేమో అనిపించింది నాకు. మనవరాలిలోకి వెళ్లిపోవచ్చనే ఆశతో. దాన్ని త్యాగం అనాలో ఇంకేమనాలో నాకు తెలియడం లేదు. మీరే చూసుకోండి. కానీ నియమాన్ని చివర్లో మార్చకండి, చిలక చిలకగానే ఉండాలి.


అర్ధరాత్రి దీపం:

స్కాన్! ఇన్ని వేల స్కాన్ రిపోర్టులు చేత్తో పట్టుకున్నదాన్ని, ఎలా మరచిపోయాను. కక్ష్య గారూ, చాలా థ్యాంక్స్. నిరీక్షణే రాస్తాను.

చిలక గారూ, ఆ ముసలావిడ వచ్చేసింది. ఆవిడ నంబరు 12, వయసులో నౌకలో అందరికంటే పెద్దావిడ. ఆవిడ సంధ్య దగ్గరికొచ్చి అడుగుతుంది, సంధ్య ఒప్పుకోదు. ఆ సంభాషణ నిన్న రాత్రి డ్యూటీ విరామంలో ఒక్క ఊపులో రాశాను. ముసలావిడ "నేను ఖాళీ చేస్తే ఆ పిల్లకి చోటొస్తుంది" అంటుంది. సంధ్య "చోటు కాదమ్మా, మీరొస్తారు" అంటుంది. డాక్టరుకి 641కి గాలి సరిపోతుందని తెలుసు, కానీ ఎవరూ ఆయన్ని అడగలేదు. సంధ్యే వెళ్లి అడుగుతుంది.

పాత సంచికల గారూ, తరాల నౌక కథలు రెండు చదివాను, మూడోది మొదలుపెట్టాను. మరపు గురించి మీరన్నది నిజం. మీరు చెప్పిన పేరుతోనే పత్రికకి మళ్లీ పంపుతాను, కానీ పూర్తయ్యాకే.

ప్రసవం రోజు ఎవరూ పోరు. సంధ్య రిజిస్టర్ తెరిచి రెండో బిడ్డ పేరు రాసి, నంబరు గడి ఖాళీగా వదిలేస్తుంది. అక్కడిదాకా వచ్చాను. ఆ పిల్లకి మూడేళ్లు వచ్చాక, పక్కన అక్క పోయినవాళ్ల మాటలు చెబుతుంటే, ఈ పిల్ల మొదటిసారి ఏం చెబుతుందో ఇంకా తెలియలేదు. రేపు నాకు సెలవు. పొద్దున్నే కూర్చుంటాను.